జావా స్వింగ్‌లో టెక్స్ట్‌ను హైలైట్ చేయడం, స్టైల్ వేయడం ఎలా?

జావాలో కిటికీలు, బటన్లు తయారు చేసే లైబ్రరీ స్వింగ్. అందులో అక్షరాలకు రంగు వేయడానికి రెండు దారులున్నాయి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి చాలామంది ముందు ఏది కనపడితే దాన్ని వాడేస్తారు. తర్వాత సేవ్ చేసిన ఫైల్లో సెర్చ్ తాలూకు పసుపు రంగు కూడా చేరిపోయి ఉంటుంది. అన్‌డూ నొక్కితే కొట్టిన అక్షరం అలాగే ఉండి రంగు మాత్రం పోతుంది. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

ఆ రెండు దారుల తేడా ఇదీ. హైలైట్ అనేది పేజీ మీద పరిచిన రంగు ప్లాస్టిక్ షీటు లాంటిది. షీటు తీసేస్తే పేజీ ఎప్పటిలాగే ఉంటుంది. స్టైల్ అలా కాదు, అది డాక్యుమెంట్‌లోనే చేరిపోతుంది. అక్షరంతో పాటు దాని రంగూ బోల్డూ అక్కడే నిల్వ ఉంటాయి, సేవ్ అవుతాయి, అన్‌డూలోకి వెళ్తాయి. కాబట్టి కోడ్ మొదలుపెట్టే ముందే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ రంగు టెక్స్ట్‌లో భాగమా, లేక చదివేవాళ్లకు కాసేపు దారి చూపడానికా? సెర్చ్ ఫలితాలు, స్పెల్లింగ్ తప్పుల గీతలు, కర్సర్ ఉన్న లైను వంటివన్నీ హైలైట్ పనులు. శీర్షికలు, బోల్డ్ మాటలు, లాగ్‌లో ఎర్రగా కనిపించాల్సిన ఎర్రర్ లైన్లు స్టైల్ పనులు.

నేర్చుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రామ్ అనుకుందాం. కిటికీలో పైన సెర్చ్ బాక్సు, దాని పక్కన 'తర్వాతిది' బటన్, కింద తెలుగు వ్యాసం. మాట కొడితే దొరికిన చోటల్లా పసుపు రావాలి, ఇప్పుడు చూస్తున్న చోట నారింజ రావాలి. ఇందులో జావా పేర్లను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఐడీఈలో (కోడ్ రాసుకునే ఎడిటర్‌లో) మొదటి నాలుగు అక్షరాలు కొడితే మిగతాది అదే పూరిస్తుంది. జేడీకే (జావా ప్రోగ్రామ్‌లు తయారు చేసే కిట్) 17 గానీ 21 గానీ ఉంటే చాలు. స్వింగ్ 1998లో జావా 1.2తో పాటు జేడీకేలోకి వచ్చి ఇప్పటికీ అందులోనే ఉంది, విడిగా ఏ లైబ్రరీ దించుకోనక్కర్లేదు.

ముందు కాంపొనెంట్ ఎంచుకోండి

జేటెక్స్ట్‌ఫీల్డ్, జేటెక్స్ట్‌ఏరియాలలో టెక్స్ట్ మొత్తానికీ ఒకే ఫాంటు, ఒకే రంగు. ఒక్క మాటను మాత్రమే బోల్డ్ చేయడం వాటి చేత కాదు. కానీ హైలైట్ వాటిలోనూ పనిచేస్తుంది. చాలామందికి ఇది తెలియక, సెర్చ్ ఒక్కదాని కోసమే జేటెక్స్ట్‌పేన్‌కు మారిపోతుంటారు. మామూలు టెక్స్ట్ చూపించి అందులో మాటలు వెతికితే చాలనుకుంటే జేటెక్స్ట్‌ఏరియా దగ్గరే ఆగండి. అది తేలిక, వేగం కూడా ఎక్కువ.

మాట మాటకూ వేర్వేరు రంగు, సైజు కావాలంటే జేటెక్స్ట్‌పేన్ తీసుకోండి. దీనికి లైన్ వ్రాప్‌ను (పొడవైన లైనును వెడల్పుకు తగ్గట్టు విరవడాన్ని) ఆపే మెథడ్ లేదని గుర్తుంచుకోండి, జేటెక్స్ట్‌ఏరియాలోని సెట్‌లైన్‌వ్రాప్ ఇక్కడ కనిపించదు. వ్రాప్ వద్దనుకుంటే పేన్‌ను ముందు బోర్డర్‌లేఅవుట్ ఉన్న ఒక జేప్యానెల్‌లో పెట్టి, ఆ ప్యానెల్‌ను స్క్రోల్‌పేన్‌లో పెట్టడం పాత చిట్కా. ఇప్పటికీ పనిచేస్తుంది.

చదవడానికి మాత్రమే చూపిస్తున్నారా? అయితే సెట్‌ఎడిటబుల్‌కు ఫాల్స్ ఇవ్వండి, సెట్‌ఎనేబుల్డ్ జోలికి పోవద్దు. ఎనేబుల్డ్ తీసేస్తే అక్షరాలు బూడిద రంగుకు మారతాయి, యూజర్ మాటను సెలెక్ట్ చేసి కాపీ చేసుకోలేరు.

మొదటి హైలైట్

ప్రతి టెక్స్ట్ కాంపొనెంట్‌కూ ఒక హైలైటర్ ఉంటుంది. గెట్‌హైలైటర్ అని అడిగితే చేతికొస్తుంది. తర్వాత రంగు గీసే ఆబ్జెక్ట్, అంటే ఒక పెయింటర్ కావాలి. డిఫాల్ట్‌హైలైటర్ క్లాసు లోపల డిఫాల్ట్‌హైలైట్‌పెయింటర్ అని ఇంకో క్లాసు ఉంది, దాని కన్‌స్ట్రక్టర్‌కు రంగు ఇస్తే పెయింటర్ తయారవుతుంది. రంగు బదులు నల్ ఇస్తే ఆ కాంపొనెంట్ సెలెక్షన్ రంగునే వాడుకుంటుంది.

ఇప్పుడు హైలైటర్ మీద యాడ్‌హైలైట్ పిలవండి. మూడు విలువలు ఇవ్వాలి: మొదలు, ముగింపు, పెయింటర్. మొదలు 0 నుంచి లెక్క. ముగింపు స్థానంలో ఉన్న అక్షరం హైలైట్‌లోకి రాదు, దాని ముందు దాకానే. తప్పు స్థానాలిస్తే బ్యాడ్‌లొకేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది. కంపైలర్ ఎలాగూ ట్రై, క్యాచ్ రాయమంటుంది. క్యాచ్‌ను ఖాళీగా వదిలేయకండి, కనీసం లాగ్‌లో ఒక లైను రాయించండి. స్థానాల లెక్క తప్పితే తెలిసేది అక్కడే.

యాడ్‌హైలైట్ ఒక ఆబ్జెక్ట్‌ను తిరిగిస్తుంది. దాన్ని ట్యాగు అంటారు. చాలామంది పట్టించుకోరు గానీ, ఈ ట్యాగులను ఒక లిస్టులో దాచుకోవాలి. ఎందుకంటే యూజర్ మౌస్‌తో చేసే సెలెక్షన్ కూడా లోపల ఒక హైలైటే. క్యారెట్ (స్వింగ్‌లో కర్సర్ పేరు) దాన్ని ఇదే హైలైటర్‌లో చేరుస్తుంది. పాత పసుపు తుడవడానికి రిమూవ్‌ఆల్‌హైలైట్స్ వాడితే సెలెక్షన్ రంగు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. మాట సెలెక్ట్ అయ్యే ఉంటుంది, తెర మీద మాత్రం కనిపించదు. మీ ట్యాగులు మీ దగ్గరుంటే ఒక్కొక్కదాన్నీ రిమూవ్‌హైలైట్‌తో తీయొచ్చు, వేరేవాళ్లవి ముట్టుకోరు.

హైలైట్ పెట్టాక యూజర్ పైన రెండు లైన్లు కొత్తగా కొడితే రంగు తప్పుడు చోటికి పోతుందేమోనని భయపడనక్కర్లేదు. లోపల స్థానాలు పొజిషన్ ఆబ్జెక్టులుగా నిల్వ ఉంటాయి, టెక్స్ట్ జరిగితే అవీ జరుగుతాయి. కానీ సెట్‌టెక్స్ట్‌తో మొత్తం మార్చేస్తే మాత్రం పాత ట్యాగులన్నీ తీసేసి మళ్లీ వెతకాల్సిందే.

దొరికినవన్నీ పసుపు

సెర్చ్‌లో ఎక్కువమంది బోల్తా పడే చోటు, వెతకాల్సిన టెక్స్ట్‌ను తెచ్చుకునే దగ్గరే ఉంది. జేటెక్స్ట్‌పేన్‌లో గెట్‌టెక్స్ట్ పిలవకండి. విండోస్‌లో అది ప్రతి లైను చివరా రెండు అక్షరాలు పెట్టి ఇస్తుంది, డాక్యుమెంట్ లోపల ఉండేది ఒక్కటే. మొదటి లైనులో హైలైట్ సరిగ్గా పడుతుంది, రెండో లైనులో ఒక అక్షరం పక్కకు జరుగుతుంది, యాభయ్యో లైనుకు వచ్చేసరికి ఇంకేదో మాట మీద పడుతుంది. లినక్స్‌లో రాసి పరీక్షించేవాళ్లకు ఇది కనిపించదు, విండోస్ యూజర్ చేతికి వెళ్లాకే బయటపడుతుంది. గెట్‌డాక్యుమెంట్ అని డాక్యుమెంట్‌ను తీసుకుని, దాని గెట్‌టెక్స్ట్‌కు 0, దాని గెట్‌లెంగ్త్ ఇవ్వండి. అప్పుడు లెక్క తప్పదు.

వెతకడానికి రెజెక్స్ (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి) వాడండి. కానీ యూజర్ కొట్టిన మాటను ముందు ప్యాటర్న్ క్లాసులోని కోట్ మెథడ్‌లో నుంచి పంపండి. లేకపోతే ఎవరైనా బాక్సులో ఒక్క బ్రాకెట్ కొట్టగానే ఎక్సెప్షన్ వచ్చి పడుతుంది. ఇంగ్లిష్‌లో చిన్నా పెద్దా అక్షరాల తేడా లేకుండా వెతకాలంటే కేస్‌ఇన్‌సెన్సిటివ్, యూనికోడ్‌కేస్ అనే రెండు ఫ్లాగులు పెట్టండి. టెక్స్ట్‌నూ మాటనూ టులోయర్‌కేస్ చేసి ఇండెక్స్‌ఆఫ్‌తో వెతికే పద్ధతి పైకి బాగానే ఉంటుంది గానీ, కొన్ని భాషల్లో చిన్నక్షరానికి మారితే పొడవే మారిపోతుంది. టర్కీ భాషలో చుక్క ఉన్న పెద్ద ఐ అలాంటిదే. పొడవు మారితే స్థానాలూ జరుగుతాయి.

మ్యాచర్ మీద ఫైండ్‌ను లూపులో పిలుస్తూ స్టార్ట్, ఎండ్ విలువలతో యాడ్‌హైలైట్ చేసి ట్యాగులు లిస్టులో వేసుకోండి. మాట ఖాళీగా ఉంటే లూపులోకి వెళ్లకుండా ముందే వెనక్కి వచ్చేయండి. ఖాళీ ప్యాటర్న్ ప్రతి స్థానంలోనూ దొరుకుతుంది!

తెలుగు మాటలు వెతికేటప్పుడు

ఇంగ్లిష్ టెక్స్ట్‌కైతే పైన చెప్పింది సరిపోతుంది. తెలుగుకు ఇంకొంచెం పని ఉంది, దీన్ని పట్టించుకునే ట్యుటోరియల్స్ అరుదు.

యూజర్ 'రామ' అని వెతికారు. వ్యాసంలో 'రాముడు' ఉంది. యూనికోడ్‌లో 'రాముడు' అంటే ర, దీర్ఘం, మ, ఉకారం, డ, మళ్లీ ఉకారం. 'రామ' మొదటి మూడింటితో సరిపోతుంది కాబట్టి మ్యాచ్ దొరుకుతుంది, ముగింపు మాత్రం 'ము' మధ్యలో పడుతుంది. హైలైట్ చేస్తే పసుపు డబ్బా 'ము' అంచు దగ్గర తేడాగా ఆగుతుంది, చూడ్డానికి అంత బాగుండదు గానీ అక్షరాలు చెడవు. ఎందుకంటే హైలైట్ టెక్స్ట్‌ను ముక్కలు చేయదు. అదే చోట స్టైల్‌తో రంగు మారిస్తే డాక్యుమెంట్‌లో అక్కడ కోత పడుతుంది, ఉకారం మకారం నుంచి విడిపోతుంది. విడిపోయిన గుర్తును ఫాంటు చుక్కల వలయం మీద గీస్తుంది. సెర్చ్‌కు స్టైల్ వాడొద్దని చెప్పడానికి నా దగ్గరున్న గట్టి కారణం ఇదే.

సరిచేయడం కష్టమేమీ కాదు. మ్యాచ్ ముగింపు తర్వాత ఉన్న అక్షరం రకాన్ని క్యారెక్టర్ క్లాసులోని గెట్‌టైప్‌తో చూడండి. అది నాన్‌స్పేసింగ్‌మార్క్ గానీ కంబైనింగ్‌స్పేసింగ్‌మార్క్ గానీ అయితే ముగింపును ఒకటి పెంచండి. రెండు రకాలూ చూడాలి, ఎందుకంటే మన గుర్తులు రెండింట్లోనూ ఉన్నాయి: గుడి మొదటి రకం, కొమ్ము, సున్నా రెండో రకం. ఇలా పెంచుతూ పోతున్నప్పుడు చివరగా చేరింది పొల్లు అయి, దాని తర్వాత హల్లు ఉంటే ఆ హల్లును కూడా కలుపుకోండి, అది ఒత్తు. పొల్లు కోడ్ సున్నా, సీ, 4, డీ. 'వస' అని వెతికితే 'వస్తువు'లో 'వస్తు' దాకా రంగు రావాలి, 'వస' దగ్గర ఆగకూడదు.

దీనికి తోడు జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటుంది. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో ట, వ కలిసిపోకుండా కొందరు కంటికి కనిపించని ఈ అక్షరాన్ని పెడతారు, కొందరు పెట్టరు. కీబోర్డును బట్టి మారుతుంటుంది. పెట్టినవాళ్ల టెక్స్ట్‌లో పెట్టనివాళ్లు వెతికితే ఏమీ దొరకదు. యూజర్ మాటలోంచి దాన్ని ముందు తీసేసి, మిగిలిన ఒక్కో అక్షరాన్నీ విడిగా కోట్ చేసి, మధ్య మధ్యలో ఈ అక్షరం ఉన్నా లేకున్నా సరే అనే రెజెక్స్ ముక్క చేరిస్తే సమస్య తీరుతుంది. ఆ కోడ్ పది లైన్లకు మించదు.

ఐత్వం సంగతి కూడా చూసుకోండి. దాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం గుర్తు, కింది గుర్తు అని రెండుగానూ రాయొచ్చు, తెర మీద తేడా తెలియదు. ఫైలును పేన్‌లో నింపే ముందే నార్మలైజర్ క్లాసుతో ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి విడి గుర్తులను ఒకే కోడ్‌గా కలిపే) రూపానికి మార్చండి, వెతికే మాటను కూడా. నింపిన తర్వాత మారిస్తే స్థానాలు చెడతాయి.

నారింజ రంగు, తర్వాతిది బటన్

ఇప్పుడు చూస్తున్న మ్యాచ్‌ను వేరే రంగులో చూపాలి. పసుపు మీద నారింజ ఇంకో హైలైట్‌గా పెట్టేస్తే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. డిఫాల్ట్‌హైలైటర్ గీసేటప్పుడు ముందు చేర్చినది పైన వస్తుంది, కాబట్టి నారింజ పసుపు కింద దాగిపోతుంది. ఉన్న హైలైట్‌కు పెయింటర్ మార్చే మెథడ్ కూడా లేదు, చేంజ్‌హైలైట్ స్థానాలను మాత్రమే మారుస్తుంది. చేయాల్సింది ఇదీ: ఆ మ్యాచ్ పసుపు ట్యాగు తీసేయండి, అదే స్థానాల్లో నారింజ పెయింటర్‌తో కొత్తది చేర్చండి, లిస్టులో పాత ట్యాగు బదులు కొత్తది పెట్టండి. తర్వాతి మ్యాచ్‌కు వెళ్లేటప్పుడు దీన్ని తిరగెయ్యండి.

మౌస్ సెలెక్షన్‌కూ ఇదే ఇబ్బంది. పసుపు ఉన్న మాటను సెలెక్ట్ చేస్తే సెలెక్షన్ రంగు పసుపు కింద పడి కనిపించదు. అందుకే పసుపును కాస్త పలచగా తీసుకోండి. కలర్ కన్‌స్ట్రక్టర్‌కు నాలుగో విలువగా ఆల్ఫా ఇవ్వొచ్చు, 255 అయితే పూర్తి గట్టి రంగు. 110 నుంచి 140 మధ్య పెడితే కింద ఉన్న సెలెక్షన్ కూడా కనిపిస్తుంది.

మ్యాచ్ తెర బయట ఉంటే అక్కడికి జరపాలి. మోడల్‌టువ్యూ2డీ అని స్థానం ఇస్తే ఆ అక్షరం ఎక్కడుందో దీర్ఘచతురస్రం వస్తుంది. దాని గెట్‌బౌండ్స్‌ను స్క్రోల్‌రెక్ట్‌టువిజిబుల్‌కు ఇవ్వండి. మోడల్‌టువ్యూ అని పాతదొకటి ఉంది, జావా 9 నుంచి అది డెప్రికేటెడ్. కిటికీ ఇంకా తెర మీదకు రాకముందే పిలిస్తే నల్ వస్తుంది, ఒక చెక్ పెట్టుకోండి.

ప్రతి అక్షరానికీ వెంటనే వెతకకండి. సెర్చ్ బాక్సుకు డాక్యుమెంట్‌లిజనర్ పెట్టి, అందులో స్వింగ్ టైమర్‌ను రీస్టార్ట్ చేయండి. 200 మిల్లీసెకన్లు, రిపీట్ లేకుండా. యూజర్ కాస్త ఆగగానే వెతుకుతుంది. టైమర్ అనే పేరుతో జావాలో ఇంకో ప్యాకేజీలోనూ క్లాసుంది, ఇంపోర్ట్ చేసేటప్పుడు స్వింగ్‌దే తీసుకోండి. అది పనిని ఈవెంట్ థ్రెడ్ (స్వింగ్ తెర పనులు నడిచే థ్రెడ్) మీదే నడుపుతుంది.

ఇక స్టైల్

వ్యాసం శీర్షికలు పెద్దగా, కొన్ని మాటలు బోల్డ్‌గా కావాలి. జేటెక్స్ట్‌పేన్‌లో గెట్‌స్టైల్డ్‌డాక్యుమెంట్ పిలిచి డాక్యుమెంట్ తీసుకోండి. సింపుల్‌ఆట్రిబ్యూట్‌సెట్ ఆబ్జెక్ట్ ఒకటి చేసి, స్టైల్‌కాన్‌స్టాంట్స్ క్లాసులోని సెట్‌బోల్డ్, సెట్‌ఫోర్‌గ్రౌండ్, సెట్‌ఫాంట్‌సైజ్ లాంటి వాటితో నింపండి. తర్వాత డాక్యుమెంట్ మీద సెట్‌క్యారెక్టర్‌ఆట్రిబ్యూట్స్. దీనికి నాలుగు విలువలు: మొదలు, పొడవు, ఆట్రిబ్యూట్‌లు, రీప్లేస్.

రెండో విలువ మళ్లీ చూడండి. యాడ్‌హైలైట్‌కు ముగింపు ఇచ్చాం, ఇక్కడ పొడవు ఇవ్వాలి. రెండూ ఇంటీజర్లే కాబట్టి కంపైలర్ నోరు మెదపదు. ఒక మాట బోల్డ్ చేయబోతే సగం పేరా బోల్డ్ అయిందంటే కారణం దాదాపు ఇదే.

రీప్లేస్‌కు ట్రూ ఇస్తే అక్కడ అంతకుముందున్న స్టైల్ అంతా పోయి కొత్తది మాత్రమే ఉంటుంది. రంగు మార్చబోతే బోల్డ్ పోతుంది. మామూలుగా ఫాల్స్ ఇవ్వండి, కొత్తది పాతదానితో కలుస్తుంది. మొత్తం తుడిచి మొదటి నుంచి రంగులు వేయాలన్నప్పుడే ట్రూ.

లైన్ల మధ్య దూరం, ఎడమ మార్జిన్, మధ్యకు జరపడం పేరాకు చెందిన సంగతులు. వాటికి సెట్‌పేరాగ్రాఫ్‌ఆట్రిబ్యూట్స్ వాడాలి. సెట్‌అలైన్‌మెంట్‌ను క్యారెక్టర్ ఆట్రిబ్యూట్‌గా పెడితే ఎర్రరూ రాదు, ఫలితమూ ఉండదు.

శీర్షికలు పదిచోట్ల ఉంటే ప్రతిచోటా రంగు రాయడం కంటే పేరున్న స్టైల్ చేసుకోవడం మేలు. యాడ్‌స్టైల్‌తో 'శీర్షిక' అని ఒకటి చేసి, ఆ పేరాలకు సెట్‌లాజికల్‌స్టైల్‌తో తగిలించండి. తర్వాత ఆ ఒక్క స్టైల్ రంగు మారిస్తే అన్ని శీర్షికలూ మారతాయి. ముదురు థీమ్ పెట్టే ఉద్దేశం ఉంటే ఇది మొదటి రోజే చేయండి.

ఫాంటు విషయానికొస్తే, సెట్‌ఫాంట్‌ఫ్యామిలీకి పేరు మాత్రమే ఇస్తాం, ఆ ఫాంటు యూజర్ మెషీన్‌లో ఉందో లేదో మనకు తెలియదు. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ ఉంటుంది, పాతవాటిలో గౌతమి. నమ్మకం కావాలంటే నోటో సాన్స్ తెలుగు ఫైలును ప్రోగ్రామ్‌తోనే ఇచ్చి, ఫాంట్ క్లాసులోని క్రియేట్‌ఫాంట్‌తో చదివి, గ్రాఫిక్స్‌ఎన్విరాన్‌మెంట్‌లో రిజిస్టర్‌ఫాంట్ చేయండి. రిజిస్టర్ చేయకపోతే ఫ్యామిలీ పేరు ఇచ్చినా దొరకదు. ఒక ఫాంటు మన టెక్స్ట్‌ను పూర్తిగా చూపగలదా అన్నది క్యాన్‌డిస్‌ప్లేఅప్‌టు చెబుతుంది, మైనస్ 1 వస్తే చూపగలదని అర్థం. తెలుగుకు ఇటాలిక్ వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. విడిగా ఇటాలిక్ లేని ఫాంటును జావా పక్కకు వంచేస్తుంది, ఒత్తులు చదవడం కష్టమవుతుంది. నొక్కి చెప్పాలంటే బోల్డ్ గానీ రంగు గానీ చాలు.

యూజరే బోల్డ్ చేసుకునే టూల్‌బార్ కావాలంటే కోడ్ రాయనక్కర్లేదు. స్టైల్డ్‌ఎడిటర్‌కిట్ లోపల బోల్డ్‌యాక్షన్, ఇటాలిక్‌యాక్షన్, ఫాంట్‌సైజ్‌యాక్షన్, అలైన్‌మెంట్‌యాక్షన్ సిద్ధంగా ఉన్నాయి, బటన్‌కు తగిలించడమే. బటన్‌కు సెట్‌ఫోకసబుల్ ఫాల్స్ చేయండి. లేకపోతే నొక్కిన ప్రతిసారీ కర్సర్ పేన్ నుంచి పోతుంది, యూజర్ మళ్లీ క్లిక్ చేసి రావాలి.

టైప్ చేస్తుండగా రంగు మారాలంటే

కీలక పదం కొట్టగానే నీలం కావాలి అనుకోండి. డాక్యుమెంట్‌లిజనర్ లోపలే సెట్‌క్యారెక్టర్‌ఆట్రిబ్యూట్స్ పిలిస్తే ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ వస్తుంది. మార్పు జరిగిందని డాక్యుమెంట్ కబురు చెబుతున్న సమయంలోనే దాన్ని మళ్లీ మార్చనివ్వదు. పనిని స్వింగ్‌యుటిలిటీస్‌లోని ఇన్వోక్‌లేటర్‌కు అప్పగించండి, లేదా పైన చెప్పిన టైమర్‌కే.

లిజనర్‌లో ఇన్సర్ట్‌అప్‌డేట్, రిమూవ్‌అప్‌డేట్ చూసుకుంటే చాలు. చేంజ్డ్‌అప్‌డేట్‌ను ఖాళీగా వదిలేయండి. స్టైల్ మారినప్పుడు వచ్చేది అదే, అందులోంచి మళ్లీ స్టైల్ వేస్తే రంగు వేయడం, కబురు రావడం, మళ్లీ రంగు వేయడం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ప్రతిసారీ డాక్యుమెంట్ మొత్తానికి రంగులు వేయొద్దు. మారిన పేరాను గెట్‌పేరాగ్రాఫ్‌ఎలిమెంట్‌తో పట్టుకుని దానికే వేయండి. పెద్ద ఫైలును మొదటిసారి తెరిచేటప్పుడైతే కొత్త డిఫాల్ట్‌స్టైల్డ్‌డాక్యుమెంట్‌ను విడిగా నింపి, రంగులన్నీ వేసి, చివర్లో సెట్‌డాక్యుమెంట్‌తో పేన్‌కు ఇవ్వండి. తెర మీద ఉన్న డాక్యుమెంట్‌కు వేల సార్లు రంగు వేస్తే ప్రతిసారీ లేఅవుట్ లెక్కలు నడుస్తాయి, కిటికీ బిగుసుకుపోతుంది.

అన్‌డూమేనేజర్ పెట్టి ఉంటే ఈ ఆటోమేటిక్ రంగులన్నీ అన్‌డూలో చేరతాయి. యూజర్ కంట్రోల్ జడ్ కొడితే నీలం రంగు పోతుంది తప్ప అక్షరం పోదు. అన్‌డూ లిజనర్‌లో వచ్చిన ఎడిట్ డాక్యుమెంట్‌ఈవెంట్ అవునో కాదో ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో చూసి, దాని రకం చేంజ్ అయితే మేనేజర్‌కు ఇవ్వకుండా వదిలేయండి. పాత ఉదాహరణల్లో అబ్‌స్ట్రాక్ట్‌డాక్యుమెంట్‌లోని డిఫాల్ట్‌డాక్యుమెంట్‌ఈవెంట్‌కు కాస్ట్ చేస్తుంటారు, జావా 9 తర్వాత అది క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ ఇస్తుంది. అయితే ఇలా వదిలేస్తే యూజర్ టూల్‌బార్‌తో చేసిన బోల్డ్ కూడా అన్‌డూ కాదు. టూల్‌బారూ ఆటోమేటిక్ రంగులూ రెండూ ఉంటే, ఆటోమేటిక్ పని నడుస్తున్నంతసేపు ఒక బూలియన్‌ను ట్రూ చేసి, అప్పుడు వచ్చినవాటినే వదలండి.

నిజంగా కోడ్ ఎడిటరే కావాలంటే మాత్రం ఇదంతా చేతితో రాయకండి. ఆర్‌సింటాక్స్‌టెక్స్ట్‌ఏరియా అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ స్వింగ్ కోసమే ఉంది, చాలా భాషల రంగులు అందులో సిద్ధంగా ఉన్నాయి.

వంకర గీత, కర్సర్ లైను

స్పెల్లింగ్ తప్పు కింద ఎర్ర వంకర గీత కూడా హైలైటే, పెయింటర్ మాత్రం మనం రాసుకోవాలి. డిఫాల్ట్‌హైలైట్‌పెయింటర్‌ను ఎక్స్‌టెండ్ చేసి పెయింట్‌లేయర్‌ను ఓవర్‌రైడ్ చేయండి. ఆ మెథడ్‌కు మాట మొత్తం కాకుండా, ఆ లైనులో పడిన ముక్క స్థానాలే వస్తాయి, మాట రెండు లైన్లకు విరిగితే రెండుసార్లు పిలుస్తుంది. వచ్చిన వ్యూ మీద మోడల్‌టువ్యూ పిలిచి దీర్ఘచతురస్రం తీసుకుని, దాని అడుగున రెండు పిక్సెళ్ల ఎత్తుతో జిగ్‌జాగ్ గీయండి. గీసిన ప్రాంతాన్ని తిరిగివ్వడం మరవద్దు. తెలుగు ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి గీత వాటిని తాకుతుంది. స్పేస్‌బిలో విలువ పెంచినా లాభం ఉండదు, అది పేరా కింది దూరం. ఎర్రను కొంచెం పలచ చేస్తే చదవడానికి ఇబ్బంది లేదు.

కర్సర్ ఉన్న లైను మొత్తానికి లేత రంగు కావాలంటే హైలైట్‌పెయింటర్ ఇంటర్‌ఫేస్‌ను నేరుగా అమలు చేయండి. పెయింట్ మెథడ్‌లో క్యారెట్ స్థానానికి మోడల్‌టువ్యూ2డీ అడిగి, దాని ఎత్తుతో కాంపొనెంట్ వెడల్పు అంతా నింపండి. దీన్ని 0, 0 స్థానాలతో చేరిస్తే చాలు. ఇలాంటి పెయింటర్ మిగతా హైలైట్ల కంటే ముందే గీయబడుతుంది కాబట్టి సెలెక్షన్‌కు, పసుపుకు అడ్డం రాదు. క్యారెట్‌లిజనర్‌లో రీపెయింట్ పిలవండి, లేకపోతే పాత లైను రంగు అక్కడే ఉండిపోతుంది.

లేబుల్, టేబుల్

జేలేబుల్‌కు హైలైటర్ లేదు. టెక్స్ట్‌ను హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగుతో మొదలుపెడితే స్వింగ్ దాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా చూపిస్తుంది, అందులో స్పాన్ ట్యాగుకు బ్యాక్‌గ్రౌండ్ రంగు ఇచ్చి మాటను మెరిపించొచ్చు. స్వింగ్‌కు తెలిసింది హెచ్‌టీఎమ్‌ఎల్ 3.2, కొద్దిగా సీఎస్‌ఎస్ మాత్రమే, కొత్తవి ప్రయత్నించి సమయం పోగొట్టుకోకండి. యూజర్ ఇచ్చిన టెక్స్ట్‌లోని యాంపర్‌శాండ్‌ను, లెస్‌దాన్, గ్రేటర్‌దాన్ గుర్తులను ముందు ఎస్కేప్ చేయండి. హెచ్‌టీఎమ్‌ఎల్ అవసరమే లేని టేబుల్ సెల్లుల్లో రెండరర్‌కు హెచ్‌టీఎమ్‌ఎల్ డాట్ డిజేబుల్ అనే క్లయింట్ ప్రాపర్టీని ట్రూ చేయడం మంచిది. లేకపోతే బయటి నుంచి వచ్చిన డేటా ఆ ట్యాగుతో మొదలైతే దాన్నీ గీసి పెడుతుంది.

తెలుగు టేబుల్‌కు వరుస ఎత్తు కూడా పెంచాలి. జేటేబుల్ మామూలు ఎత్తు 16 పిక్సెళ్లు, అందులో 'స్త్రీ' కింది భాగం తెగిపోతుంది. ఫాంట్‌మెట్రిక్స్ ఇచ్చే ఎత్తుకు ఓ నాలుగు కలిపి సెట్‌రోహైట్‌కు ఇవ్వండి.

థీమ్ మార్చాక

ప్రోగ్రామ్ నడుస్తుండగానే లుక్ అండ్ ఫీల్ మార్చే మెనూ పెట్టారనుకోండి. అప్పుడు అప్‌డేట్‌యూఐ నడుస్తుంది, అది పాత హైలైటర్‌ను తీసేసి కొత్తది పెడుతుంది. మీ పసుపు, నారింజ, వంకర గీతలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి, లిస్టులో దాచుకున్న ట్యాగులు ఎందుకూ పనికిరావు. స్టైల్‌తో వేసిన రంగులు మాత్రం డాక్యుమెంట్‌లో ఉన్నాయి కాబట్టి అలాగే ఉంటాయి, నల్లటి నేపథ్యం మీద నల్లటి అక్షరాలు సహా. కాబట్టి థీమ్ మార్చే కోడ్ చివర మూడు పనులు చేయించండి: ట్యాగుల లిస్టు ఖాళీ చేయడం, పెయింటర్లను కొత్త రంగులతో మళ్లీ తయారు చేసి సెర్చ్‌ను ఇంకోసారి నడపడం, 'శీర్షిక' స్టైల్ రంగు మార్చడం. నేపథ్యం ఏ రంగో యూఐమేనేజర్‌ను అడిగి తెలుసుకోవచ్చు, ముదురుగా ఉంటే పసుపు ఆల్ఫాను 80 దగ్గరకు తగ్గించండి.